డాబా మీద పఫ్ వేయించా, విత్తనాల గది తడిసింది: మూతపడే పనిని మూతపడకముందే కొలవండి



పై వీడియోలో మా డాబా మీద మేస్త్రీ నాలుగు చోట్ల పలకలు పలకలుగా కోసి తీస్తున్నది చూశారు కదా. వీడియో పెట్టిన దగ్గర్నుంచి చాలామంది ఒకటే ప్రశ్న. "అన్నా, లక్షన్నర పెట్టి వేయించుకున్నదాన్ని నువ్వే ఎందుకు కోయించావు?" అని. 12 నిమిషాల వీడియోలో మొత్తం చెప్పలేకపోయా. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా. ఇది జీవామృతం గురించి కాదు, కషాయాల గురించి కాదు. కానీ ఇంట్లో దేశవాళీ విత్తనం దాచుకునే ప్రతి రైతుకూ, మిల్లు పట్టించిన బియ్యం ఇంట్లోనే పెట్టుకుని అమ్ముకునే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే సంగతి.

మాది పల్నాడు. రెంటచింతల ఎండల గురించి పేపర్లో చదివే ఉంటారు, మాకూ అదే ఎండ. ఒక అంతస్తు డాబా, నాలుగు గదులు. ఈశాన్యం వైపు గదిని విత్తనాలకు వదిలేశాం. నవార, బహురూపి, కుజి పటాలియా, మైసూర్ మల్లిగ, రత్నచోడి, కాలాబట్టి, ఇలా 11 రకాల వరి విత్తనం, కొద్దిగా కంది, పెసర. నవార ఒక్కటే 3 క్వింటాళ్ళు అమ్మకానికి. మిగతావన్నీ 2 కిలోలు, 5 కిలోల గుడ్డ సంచుల్లో, రకం పోకుండా కాపాడుకుంటున్నవి.

వేడి ఎందుకు ముఖ్యమంటే

డిప్లొమాలో విత్తన నిల్వ గురించి చదివినప్పుడు హారింగ్టన్ సూత్రం అని ఒకటి చెప్పారు. విత్తనంలో తేమ 1 శాతం తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెండింతలవుతుంది. నిల్వ ఉంచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా అంతే, రెండింతలు. తేమ 5 నుంచి 14 శాతం మధ్య ఉన్నప్పుడు ఈ లెక్క పనిచేస్తుంది. రివర్సులో చూసుకుంటే వేడీ తేమా రెండూ పెరిగితే విత్తనం ఎంత తొందరగా చస్తుందో అర్థమవుతుంది.

కాంక్రీటు స్లాబు పగలంతా ఎండని తాగి రాత్రికి గదిలోకి వదుల్తుంది. మా విత్తనాల గదిలో మే నెలలో రాత్రి పదింటికి కూడా నిలబడలేం. పక్క గదిలో పడుకునే అమ్మా నాన్నలదీ అదే బాధ. రెండిటికీ కలిసొస్తుందని డాబా మొత్తానికి హీట్ ప్రూఫింగ్ చేయిద్దామనుకున్నా.

మా మావయ్య వాళ్ళ ఊర్లో ఒక గోడౌనుకు పఫ్ చేసిన కాంట్రాక్టరు ఉన్నాడంటే పిలిపించాం. పఫ్ అంటే తెలిసిందే, మిషనుతో స్ప్రే చేస్తే ఉబ్బి గట్టిపడే నురగ. ఐస్ బాక్సుల్లో, కోల్డ్ స్టోరేజీ పలకల్లో ఉండేది ఇదే. మంచి సరుకే, అందులో అనుమానం లేదు. గాలిని చిన్న చిన్న గదుల్లో బంధించినట్టు ఉంటుంది కాబట్టి వేడి దాటదు. థర్మోకోల్ కంటే బాగా ఆపుతుంది.

లెక్క ఇలా కుదిరింది. 1,000 చదరపు అడుగులు, అడుగుకి 160 రూపాయలు. అందులో 50 ఎంఎం పఫ్, దాని మీద ఎండ తగలకుండా కోటింగు, దాని మీద చికెన్ మెష్ వేసి సన్న కంకర కాంక్రీటు. మొత్తం 1,60,000. లెటర్‌హెడ్ మీద కొటేషన్ ఇచ్చాడు.

అక్కడ రెండు మాటలు అన్నాడు, గుర్తుపెట్టుకోండి. ఒకటి: "బిల్లు లేకుండా అయితే జీఎస్టీ మిగుల్తుంది అన్నా." రెండు: "బిల్లు కావాలంటే మీ బియ్యం బ్రాండు పేరు మీద కొడతా, మీకు ఖర్చులో చూపించుకోవచ్చు."

మొదటిదానికి సగం లొంగిపోయా. 80,000 బ్యాంకు నుంచి పంపి, 64,000 క్యాష్ ఇచ్చా. రసీదు అడగలేదు. రెండోదానికి మాత్రం లొంగలేదు, తెలివితో కాదు, "ఇల్లు నీ బ్రాండుది కాదురా, మనది" అని నాన్న అన్నాడు కాబట్టి. ఆ ఒక్క మాటే తర్వాత కేసుని నిలబెట్టింది. మిగిలిన 16,000 పని అయ్యాక ఇస్తానని ఆపా.

పని ఎలా జరిగింది

2024 ఫిబ్రవరిలో వచ్చారు. పొద్దున్నే మంచు కురిసి డాబా ఇంకా చెమ్మగానే ఉంది. 8 గంటలకల్లా స్ప్రే మొదలుపెట్టారు. నేను పొలంలో ఉన్నా, మా ఆవిడ ఫోన్లో వీడియో తీసింది. అప్పుడు తెలియలేదు గానీ ఇప్పుడు చూస్తే అందులోనే తప్పులన్నీ కనపడుతున్నాయి.

తడి స్లాబు మీద పఫ్ చల్లకూడదు. ఆ రసాయనం నీళ్ళతో కలిస్తే గ్యాసు పుట్టి నురగ గుల్లగా వస్తుంది, స్లాబుకి అంటదు. గాలి వీస్తున్నప్పుడు చల్లితే ఒకచోట మందం, ఒకచోట పలచన. 50 ఎంఎం కావాలంటే పొర మీద పొర వేసుకుంటూ రావాలి. వాళ్ళు మధ్యాహ్నం భోజనాల లోపే ముగించారు.

తర్వాత కోటింగు కోసం రేపు వస్తాం, ఎల్లుండి వస్తాం అంటూ నెల పైన గడిపేశారు. పఫ్‌కి ఎండ పడదు. అందులోని అతినీలలోహిత కిరణాలకి పైపొర పసుపు రంగుకి తిరిగి, వేలితో రాస్తే పిండిలా రాలుతుంది. మా డాబా మీద అదే జరిగింది. ఏప్రిల్‌లో వచ్చి ఆ పిండి మీదే కోటింగు పూసి, దాని మీదే కాంక్రీటు పోసి వెళ్ళారు.

ఇంకొకటి. పఫ్, కాంక్రీటు కలిసి డాబా మట్టం సుమారు 4 అంగుళాలు పెరిగింది. కానీ పిట్టగోడలో ఉన్న వాననీళ్ళ గొట్టాలు పాత మట్టంలోనే ఉన్నాయి. సగం మూసుకుపోయాయి. వాటం చూడలేదు. పొలానికి మురుగు కాలువ తీయకుండా మెరక చేసినట్టు అయింది.

మే నెలలో టెంపరేచర్ గన్ పెట్టి రోజూ సాయంత్రం 6 గంటలకి లోపలి స్లాబు వేడి కొలిచా. స్లాబు పొద్దు వాలాకే ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి ఆ టైము. పఫ్ వేయని వసారా స్లాబు 44 డిగ్రీలు ఉంటే విత్తనాల గది 41. లక్షన్నరకి 3 డిగ్రీలు! ఫోన్ చేస్తే "కొత్తది కదా అన్నా, సెట్ అవ్వాలి" అన్నాడు.

జులైలో రెండు పెద్ద వానలు పడ్డాయి. డాబా మీద చెరువు. మూడో రోజు విత్తనాల గదిలో స్లాబు మీద నల్ల మచ్చ, తర్వాత గోడ వెంట ధార. ఎదురుగా బల్ల మీద పెట్టిన సంచులు అడుగు నుంచి చెమ్మెక్కాయి. నారుమడికి ముందు ఎప్పటిలాగే వంద గింజలు తడి గోనెలో చుట్టి మొలక చూశాం. వరికి కనీసం 80 మొలవాలి. బహురూపి 63. రత్నచోడి 41. కాలాబట్టి సంచి తెరిస్తేనే బూజు వాసన.

ఆ రోజు అమ్మ ఏమీ అనలేదు. సంచి నోరు కట్టేసి బయట పెట్టింది. నాకైతే డబ్బు పోయినదానికంటే అదే ఎక్కువ తగిలింది.

"మీ స్లాబే లీకు"

కాంట్రాక్టరుకి ఫొటోలు పంపా. వారం తర్వాత వచ్చి పైకెక్కి చూసి తేల్చేశాడు. "పఫ్‌లోంచి నీళ్ళు దిగవు అన్నా. మీ స్లాబే పాతది, అదే లీకు. దానికి నేనేం చేస్తా? మిగతా 16,000 ఇస్తే పైన వాటర్ ప్రూఫ్ కోటింగు ఇంకోటి కొట్టిస్తా."

ఇలాంటి గొడవల్లో అసలు ముడి ఇదే. పైన కనపడేది కాంక్రీటు, కింద కనపడేది మచ్చ. మధ్యలో ఉన్నది ఎవరికీ కనపడదు. తప్పు స్లాబుదా, పఫ్‌దా? నేను ఎంత అరిచినా, అతను ఎంత అరిచినా ఈ ప్రశ్నకి జవాబు రాదు.

నాకు కోపం వచ్చి ఆ రోజే మొత్తం పీకించేద్దామనుకున్నా. మేస్త్రీని కూడా మాట్లాడా. నాన్న ఆపాడు. "ఒరే, పురుగు పట్టిన చేను దున్నేసి తర్వాత నష్టపరిహారం రాయమంటే ఎవరు రాస్తార్రా? ముందు చూపించు, తర్వాత దున్ను" అన్నాడు. ఆయనకి కోర్టులంటే అస్సలు పడదు. గెలిచినోడు ఇంటికొచ్చి ఏడిస్తే ఓడినోడు అక్కడే ఏడ్చాడంటాడు. కానీ ఈ ఒక్క మాట మాత్రం ఏ లాయరు ఫీజు ఇచ్చినా కొనలేను.

రుజువులు ఎలా కూడగట్టాం

మొదటిది, పాత వీడియో. జనవరిలో విత్తనాల గది మీద మన ఛానల్లో ఒక వీడియో పెట్టా, చాలామంది చూసే ఉంటారు. అందులో నా తల వెనక స్లాబు స్పష్టంగా కనపడుతుంది. ఒక్క మచ్చ లేదు. సున్నం తెల్లగా మెరుస్తోంది. పని మొదలుకాక ముందు స్లాబు ఎలా ఉందో చెప్పే సాక్షి అదే.

రెండోది, పిలిచి చూపించడం. ఫలానా తేదీ, ఫలానా టైముకి డాబా కోసి చూస్తున్నాం, మీరూ ఉండండి అని కాంట్రాక్టరుకి వాట్సాప్‌లోనూ, రిజిస్టర్ పోస్టులోనూ పంపా. రాలేదు. రాకపోయినా ఫర్వాలేదు, పిలిచాం అన్నది ముఖ్యం. ఇంజినీరింగ్ శాఖలో చేసి రిటైరైన ఒక ఇంజినీరు గారిని 5,000 ఫీజు ఇచ్చి తీసుకొచ్చాం. మాకు చుట్టం కాదు, కాంట్రాక్టరుకీ కాదు.

మూడోది, కొలత. నాలుగు చోట్ల 10 సెంటీమీటర్లు పొడవు, 10 వెడల్పు ముక్క కోసి తీశాం. మెట్ల గది దగ్గర మందం 50 ఎంఎం, అంటే కరెక్టే. డాబా నడుమ 34. విత్తనాల గది నెత్తిన 30. గొట్టం దగ్గర 22. తర్వాత కాంట్రాక్టరు లాయరు "50 అంటే సగటున" అని వాదించాడు. సగటు తీసినా 34 దాటలేదు.

నాలుగోది, తూకం. ఇది అందరూ ఇంట్లో చేసుకోగలిగిందే, జాగ్రత్తగా చదవండి. పఫ్ నాణ్యత చెప్పడానికి సాంద్రత చూస్తారు. మా కొటేషన్లో ఘనపు మీటరుకి 40 కిలోలు అని రాసి ఉంది. 10 బై 10 సెంటీమీటర్ల ముక్క 5 సెంటీమీటర్ల మందం ఉంటే 500 ఘనపు సెంటీమీటర్లు. అది ఆరిపోయాక 20 గ్రాములు తూగాలి. 3 సెంటీమీటర్ల మందమైతే 12 గ్రాములు. వంటింటి డిజిటల్ కాటా చాలు.

విత్తనాల గది పైన కోసిన ముక్క 3 సెంటీమీటర్లది. కాటా మీద పెడితే 61 గ్రాములు! మూడు రోజులు ఆరబెట్టి మళ్ళీ తూస్తే 9 గ్రాములు. అంటే 52 గ్రాములు నీళ్ళే. సరుకు కూడా 40 కాదు, 30. పఫ్ గట్టిగా, మూసుకున్న గదులతో ఉంటే అంత నీరు తాగదు. గుల్లగా వచ్చింది కాబట్టే స్పాంజిలా తాగింది. తాగాక ఇక వేడిని ఆపేది ఏముంది? కదలని గాలి కంటే నీళ్ళు 20 రెట్లకి పైగా వేడిని దాటిస్తాయి. మే నెలలో 3 డిగ్రీల తేడాకి కారణం పలచన, గుల్ల సరుకు. జులైలో తడి తోడయింది.

ఐదోది, స్లాబు. పఫ్ తీసిన చోట స్లాబుని ఆరబెట్టి, చుట్టూ మట్టిగట్టు పెట్టి మడి కట్టినట్టు 24 గంటలు నీళ్ళు కట్టి చూశాం. కింద కొత్త మచ్చ రాలేదు. మరి గదిలోకి నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి? పాత మట్టంలో ఉన్న గొట్టం చుట్టూ. పైన నిలిచిన నీళ్ళు కాంక్రీటు బీటల్లోంచి పఫ్‌లోకి, అక్కడినుంచి స్లాబు మీదుగా పాకి గొట్టం పక్క సందులోంచి గోడలోకి దిగాయి. ఇంజినీరు గారు ఫొటోలు, కొలతలతో 4 పేజీల రిపోర్టు ఇచ్చారు. "మీ స్లాబే లీకు" అన్న మాట అక్కడితో ఆగింది.

ఆరోది, క్యాష్. 64,000కి రసీదు లేదన్నా కదా. ఆ రోజు సాయంత్రం అతనే పెట్టిన వాట్సాప్ మెసేజ్ దొరికింది. "64 అందింది అన్నా, థ్యాంక్స్." అది లేకపోతే ఆ డబ్బు గాల్లో కలిసేది. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్యాల చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఫోన్లో ఉన్న మెసేజీలు, వీడియోలు రుజువుగా పెట్టేటప్పుడు అందులోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయడం మంచిది. ఫోన్ మార్చేసి పాత మెసేజీలు పోగొట్టుకోకండి.

కేసు ఎలా నడిచింది

ముందు నోటీసు. ఏం ఒప్పుకున్నావు, ఏం చేశావు, ఏం కావాలి, 15 రోజుల్లో చెప్పు అని రిజిస్టర్ పోస్టులో. జవాబు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు రాసుకుని అతనికి పంపారు. దానికీ పలకలేదు. నవంబరులో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లోనే కేసు వేశాం. అప్పుడు ఈ-దాఖిల్ పోర్టల్, 2025 నుంచి దాని స్థానంలో ఈ-జాగృతి వచ్చింది.

మనవాళ్ళకి తెలియాల్సిన నాలుగు విషయాలు చెప్తా.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మనం ఉండే చోటే కేసు వేయొచ్చు. కాంట్రాక్టరు ఊరికి పోనక్కర్లేదు.

మనం చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే కోర్టు ఫీజు లేదు. 50 లక్షల దాకా జిల్లా కమిషనే చూస్తుంది.

లాయరు తప్పనిసరి కాదు. మనమే వాదించుకోవచ్చు. నేను మాత్రం కాగితాలు రాయడానికి ఒక లాయరమ్మ సాయం తీసుకున్నా.

నష్టం జరిగిన రెండేళ్ళ లోపు వేయాలి. "వస్తా, చేస్తా" అంటూ కాంట్రాక్టరు నెట్టుకొచ్చే రోజులు కూడా ఆ రెండేళ్ళలోనే పోతాయి.

అవతలి లాయరు వేసిన పెద్ద బాణం ఇది: "ఇతను విత్తన వ్యాపారి. గది వ్యాపారానికి వాడుతున్నాడు. వ్యాపారం కోసం సేవ తీసుకున్నవాడు వినియోగదారుడు కాడు." చట్టంలో ఆ మాట నిజంగానే ఉంది. కాకపోతే సొంత కష్టంతో, కేవలం జీవనోపాధి కోసం చేసుకునేవాళ్ళకి మినహాయింపు కూడా ఉంది. ఏది వ్యాపారం, ఏది కాదు అన్నప్పుడు ప్రధాన ఉద్దేశం ఏమిటో చూడాలని సుప్రీంకోర్టు 2019లో ఒక తీర్పులో చెప్పింది. మాది నలుగురు ఉండే ఇల్లు, నాలుగు గదుల్లో ఒకటి విత్తనాలది, కొటేషన్ నా పేరు మీద. అదే బ్రాండు పేరు మీద బిల్లు తీసుకుని ఉంటే? నాన్న మాట విలువ ఇప్పుడు తెలిసిందా?

రైతు వినియోగదారుడే అని తేలడం కూడా ఊరికే రాలేదు. నాసిరకం విత్తనంతో నష్టపోయిన మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు పోరాడితే, 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని తేల్చింది. రైతు ఉన్న విత్తనమంతా చల్లేస్తాడు, పరీక్షకి దాచి ఉంచుతాడని అనుకోకూడదని కూడా చెప్పింది. విత్తనంలో ఆ వెసులుబాటు ఉంది. ఇంటి పనిలో మాత్రం ముక్క దాచడం మన చేతిలోనే ఉంది. ఆ 9 గ్రాముల ముక్క ఇప్పటికీ సీల్ చేసిన కవర్లో ఉంది.

ఒక దగ్గర వెనక్కి తగ్గాల్సి వచ్చింది. విత్తన నష్టం కూడా అడుగుదామన్నా. లాయరమ్మ ఒద్దంది. "అది అడిగిన మరుక్షణం మీరే వ్యాపారం అని ఒప్పుకున్నారంటారు. ఇంటి పని సరిగా చేయలేదు, దాని మీదే నిలబడండి" అంది. రెండు రోజులు నిద్ర పట్టలేదు. అసలు పోయింది అదే కదా, అదే అడగకూడదా? చివరికి ఆమె మాటే విన్నా. ఇచ్చిన 1,44,000, పాతది పీకించే ఖర్చు, ఇంజినీరు ఫీజు, మానసిక వేదనకి కొంత, ఇంతవరకే అడిగాం.

వాయిదాలు నడుస్తుండగా కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపింది. 2025 జూన్‌లో కూర్చున్నాం. అతను "నేనే మళ్ళీ చేసిస్తా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చివరికి 1,10,000 రెండు విడతల్లో వెనక్కి ఇవ్వడానికి, నేను ఆపిన 16,000 వదులుకోవడానికి ఒప్పుకున్నాడు. ఆ రాజీని కమిషన్ ఆర్డరుగా ఇచ్చింది. కమిషన్ ఆర్డరు పాటించకపోతే జైలు, జరిమానా ఉంటాయి కాబట్టి రెండు విడతలూ వచ్చాయి.

గెలిచానా? పాతది పీకడానికే 26,000 అయింది. నిజంగా లెక్కేస్తే నాకు నష్టమే. కానీ ఒక్క రూపాయి రాకుండా, ఊళ్ళో తిట్టుకుంటూ తిరగడం కంటే నయం.

ఇంకో సంగతి. చివరి రోజు బయట టీ కొట్టు దగ్గర అతనే వచ్చి పలకరించాడు. "అన్నా, స్ప్రే చేసే కుర్రాళ్ళు నా వాళ్ళు కాదు, సబ్‌కి ఇచ్చా. వాళ్ళు సరుకు ఆదా చేసుకున్నారు. నేనూ పైకెక్కి చూడలేదు" అన్నాడు. నేనూ ఆ రోజు పొలంలోనే ఉన్నా, పైకెక్కలేదు. ఇద్దరం చూడని పనిని మూడోవాడు చేసి వెళ్ళిపోయాడు.

మళ్ళీ ఎలా చేయించాం

ఈసారి ముందు స్లాబు ఆరబెట్టి, నీళ్ళు కట్టి చూసి, గొట్టాలని కొత్త మట్టానికి ఎత్తించి, వాటర్ ప్రూఫింగ్ చేయించి, దాని మీద ఫ్యాక్టరీలో తయారైన 50 ఎంఎం గట్టి ఫోమ్ పలకలు పరిచాం. పలకకి మందం ఫ్యాక్టరీలోనే ఖాయం, కుర్రాడి చేతి మీద ఆధారపడదు. అతుకులు టేపు వేసి మూశాం. పైన మెష్, కాంక్రీటు, వాటం 100కి 1, దాని మీద తెల్ల పెంకులు. తెలుపు ఎండని తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. మీ బడ్జెట్ తక్కువైతే ముందు ఆ తెలుపుతోనే మొదలుపెట్టండి.

మీరు చేయించేటప్పుడు కాగితం మీద ఇవి ఉండేలా చూసుకోండి:

మందం "కనీసం" ఇంత అని రాయించండి. "సుమారు" అన్న మాట ఒద్దు. సాంద్రత అంకె ఉండాలి.

పని ముందు రోజు స్లాబు పొడిగా ఉండాలి. పని ముందూ, తర్వాతా 24 గంటలు నీళ్ళు కట్టి చూడాలి.

పఫ్ అయితే కోటింగు ఎన్ని రోజుల్లో వేస్తారో తేదీ రాయించండి. పైన మూసేముందు మనకి చూపించాలి అని రాయించండి.

ఆ చూపించే రోజు సైకిల్ పుల్ల ఒకటి తీసుకుని 50 ఎంఎం దగ్గర గీత పెట్టుకోండి. కోటింగు వేయకముందే పది చోట్ల గుచ్చి చూడండి. గీత పైకి కనపడితే అక్కడ పలచన. ఆ రంధ్రాలు వాళ్ళ చేతే మూయించండి. దానికి పది నిమిషాలు చాలు. నాకు ఏడాదిన్నర పట్టింది.

డబ్బు బ్యాంకు ద్వారానే. పదో వంతు ఒక వానాకాలం గడిచేదాకా ఆపుకుంటానని ముందే రాయించండి. ఇంటి పనికి బిల్లు ఇంటి మనిషి పేరు మీదే.

ఇక విత్తనాల సంగతి. ఇప్పుడు అన్నీ బాగా ఎండబెట్టి గాలి చొరని డబ్బాల్లో పెడుతున్నాం, గోడకి జానెడు దూరంగా, నేల మీద కాకుండా. బహురూపి 63 మొలిచినవాటితోనే నిలబెట్టుకున్నాం. రత్నచోడి మూడేళ్ళ కింద నా దగ్గర 2 కిలోలు తీసుకెళ్ళిన ఒక రైతన్న ఫోన్ చేసి, "అదేంటి తమ్ముడూ, నీ విత్తనమే నా దగ్గర 20 కిలోలు ఉంది" అని బస్సులో వేసి పంపాడు. కాలాబట్టి మాత్రం నా దగ్గరున్న సాలు పోయింది. మీలో ఎవరి దగ్గరైనా కల్తీ లేని కాలాబట్టి ఉంటే కామెంట్లో చెప్పండి, ఒక కిలో చాలు. బదులుగా కుజి పటాలియా పంపుతా.

వచ్చే వీడియోలో డబ్బాల్లో విత్తనం ఎండబెట్టి దాచే పద్ధతి, తేమ చూసుకునే విధానం చూపిస్తా. అప్పటిదాకా సెలవు.